చెప్పు జారిన బిడ్డ

గురువారం సాయంత్రం. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతున్నారు మీరు. ఒక పక్క బాబా గుడికి పోయే జనం, ఇంకో పక్క కోచింగ్ సెంటర్ల నుంచి బయటపడ్డ పిల్లలు. పేవ్‌మెంటు మీద పరిచిన చున్నీలు తొక్కకుండా, “ఎల్బీ నగర్, ఎల్బీ నగర్” అని కేకలు పెట్టే ఆటోలకు తగలకుండా పక్క సందులోకి మళ్లితే హారన్ల మోత సగానికి తగ్గుతుంది. మగ్గం వర్కు కొట్టు, దాని పక్కన జిరాక్సు, ఆ పక్కన ఫోటో ఫ్రేముల కొట్టు. వెడల్పు పదడుగులు ఉండదు. పైవరసలో వెంకటేశ్వరస్వామి, లక్ష్మి, సరస్వతి. కింది వరసలో షిర్డీ బాబా నాలుగు సైజుల్లో. తర్వాత మక్కా మదీనా, అంబేడ్కర్, పదోరోజు కర్మకు సిద్ధమవుతున్న ఎవరింటి పెద్దాయనో ఒకరు. నేలంతా రంపపు పొట్టు.

యాభై దాటిన ఒకావిడ గుమ్మంలో నిలబడి అడుగుతోంది.

“బాబూ, మాత పటం ఉందా?”

“ఏ మాతమ్మా? వేళాంగణి మాతనా, గుణదల మాతనా?”

“నిత్య సహాయమాత.”

కొట్టతను రంపం పక్కన పెట్టి ఒక్క క్షణం ఆలోచించాడు. “పిలగాని కాలికెల్లి చెప్పు జారుతుంటది... గదేనా?”

“ఆ, అదే నాయనా.”

“గట్ల చెప్పాలె గదమ్మా.”

గోడకు ఆనించిన కట్టలోంచి చుట్ట చుట్టిన కాగితం ఒకటి లాగి బల్ల మీద పరిచాడు. మళ్లీ చుట్టుకుపోకుండా మూలల్లో అద్దం ముక్కలు పెట్టాడు. మీరూ వంగి చూడండి, ఆవిడేమీ అనుకోదు.

వెనకంతా బంగారు రంగు. ఆకాశం లేదు, చెట్టు లేదు, గది లేదు. తల్లి తలమీద నుంచి భుజాల దాకా ముదురు నీలం ముసుగు, మడత పడ్డచోట లోపలి ఆకుపచ్చ అంచు, ముసుగు కింద ఎర్రటి వస్త్రం. నుదుటి దగ్గర ముసుగు మీద ఒక నక్షత్రం. అటూ ఇటూ గ్రీకు పొడి అక్షరాలు. ఆమె దేవుని తల్లి అని, బిడ్డ యేసుక్రీస్తు అని చెబుతాయి. పై మూలల్లో చిన్నగా ఇద్దరు దేవదూతలు. మీకు ఎడమవైపున్నది మిఖాయేలు. చేతిలో ఈటె, చివర స్పంజి గుచ్చిన కర్ర, చిరక పోసిన కుండ. కుడివైపున్నది గబ్రియేలు. అతని చేతుల్లో సిలువ, మేకులు.

బిడ్డ వాటిని చూశాడు. ముప్పై ఏళ్ల తర్వాత తన ఒంటికి తగలబోయే సామానంతా వరసగా గాల్లో నిలబడి ఉంది. పరుగున వచ్చి తల్లి చంకెక్కాడు. ఆ విసురుకు ఒక కాలి చెప్పు ఊడి, వారు పట్టుకుని వేలాడుతోంది. రెండు చేతులతో తల్లి బొటనవేలు పట్టుకున్నాడు గానీ మెడ మాత్రం వెనక్కి, సిలువ ఉన్నవైపే తిరిగి ఉంది. జడుసుకున్న పిల్లలు అంతే. చూడకూడదనుకున్నదాన్నే చూస్తారు.

తల్లి బిడ్డను చూడటం లేదు. మిమ్మల్ని చూస్తోంది. బిడ్డకు ధైర్యం చెప్పే ముఖం కాదది. రాబోయేది తెలిసి, ఆపడం తన చేతిలో లేదనీ తెలిసి, ఆ సంగతి ఎదుటివాళ్ల దగ్గర దాచని ముఖం. అందుకే కాబోలు, కష్టంలో ఉన్నవాళ్లు ఈ పటం కోసం వెతుక్కుంటూ వస్తారు.

“సైజెంతమ్మా?”

“పన్నెండు పద్దెనిమిది. గోల్డ్ ఫ్రేమ్ వెయ్యి.”

బీడింగ్ కర్రను అతను నలభైఐదు డిగ్రీల దగ్గర కోస్తాడు. నాలుగు ముక్కలూ మూలల దగ్గర ఒకదానికొకటి సరిపోయేదాకా కన్ను మూసి చూసుకుంటాడు. అద్దం మీద స్కేలు పెట్టి కట్టర్ లాగితే సన్నటి కీచు; అంచు మీద వేలితో ఒక్క తట్టు, ముక్క ఊడి వస్తుంది. అద్దం, కాగితం, వెనక అట్ట, చిన్న మేకులు, బ్రౌన్ టేపు, పైన కొక్కెం. పావుగంట పని.

కళలు తెలిసినవాళ్ల దగ్గర ఇలాంటి పటాల మాట ఎత్తితే పెదవి విరుస్తారు. అచ్చు కాగితం, నకలుకు నకలు, అసలు చిత్రంలోని జీవం ఇందులో ఏదీ అంటారు. ఆ మాటకు జవాబు కావాలంటే ఐదువందల ఏళ్లు వెనక్కి, ఇంకో కొట్టులోకి నడవాలి.

1499 జూలై 4. మధ్యధరా సముద్రంలో క్రీటు దీవి, కాండియా పట్నం. ఇవాళ దాన్ని హెరాక్లియోన్ అంటున్నారు. ఊరి జనంలో ఎక్కువమంది గ్రీకువాళ్లు, ఏలుబడి మాత్రం వెనిస్‌ది. కాన్‌స్టాంటినోపుల్ 1453లో తురుష్కుల వశమైంది. అప్పటి నుంచి 1526 దాకా ఈ ఒక్క పట్నంలో నూట ఇరవై మంది దాకా చిత్రకారులు పనిచేసినట్టు అక్కడి దస్తావేజులు చెబుతున్నాయి. తర్వాతి శతాబ్దంలో ఎల్ గ్రెకో అని ప్రపంచం పిలిచే మనిషి కూడా ఈ ఊళ్లోనే పుట్టి, ఇలాంటి పటాలు గీస్తూనే చెయ్యి తిప్పుకుని, వెనిస్‌కు ఓడెక్కాడు.

ఆ రోజు పత్రాలు రాసే అధికారి గదిలో ఒక మూల మీరు నిలబడి ఉన్నారు. కిటికీలోంచి ఎండ, ఉప్పుగాలి. బల్లకు ఇటు ఇద్దరు వర్తకులు: వెనిస్ నుంచి జోర్జో బాసేజో, గ్రీసు ప్రధాన భూభాగం నుంచి పెట్రో వార్సామా. అటు ముగ్గురు చిత్రకారులు. ఒప్పందం సూటిగా ఉంది. మరియమ్మ పటాలు ఏడు వందలు కావాలి. అందులో ఐదు వందలు లాటిన్ పద్ధతిలో, రెండు వందలు గ్రీకు పద్ధతిలో. గడువు నలభైఐదు రోజులు.

లెక్క వేసుకోండి. రోజుకు దాదాపు పదహారు పటాలు. ముగ్గురి మధ్య పంచితే తలా ఐదు పైచిలుకు, ఆదివారాలు కూడా కలుపుకుంటే. పెన్ను పట్టుకున్న అధికారి ఆశ్చర్యపోయినట్టు ఎక్కడా లేదు. ఆ ఊళ్లో అదొక మామూలు బేరం.

ఇప్పుడు ఆ ముగ్గురిలో ఒకరి పనిశాలలోకి రండి. తలుపు దగ్గరే ముక్కుకు తగిలేది తోలు జిగురు కాగుతున్న వాసన. గోడ పొడవునా ఒకే కొలతకు కోసిన చెక్కలు నిలబెట్టి ఉన్నాయి. వాటిమీద నారగుడ్డ అతికించి, మెత్తటి తెల్లసుద్దను జిగురులో కలిపి పూత మీద పూత వేస్తారు. ఒకటి ఆరాకే ఇంకొకటి. చివరకు గీకి నున్న చేస్తే అరచేతికి గరుకన్నదే తెలియదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద తెల్ల మట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టేది కూడా ఇదే ఉద్దేశంతో: రంగు లోపలికి ఇంకిపోకూడదు, గీత వణకకూడదు.

తర్వాతి పని చూస్తే సందులోని మగ్గం వర్కు కొట్టు మీకు గుర్తురాక మానదు. అక్కడ ట్రేసింగ్ పేపరు మీద డిజైన్ గీసి, గీత పొడవునా సూదితో బెజ్జాలు పొడిచి, జాకెట్టు గుడ్డ మీద పరిచి పొడి రుద్దుతారు కదా, కాగితం ఎత్తితే చుక్కల్లో నెమలి తేలుతుంది. కాండియాలోనూ ఇదే. బెజ్జాల కాగితం చెక్క మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దుతాడు కుర్రవాడు. కాగితం తీస్తే చుక్కల్లో తల్లి, చుక్కల్లో బిడ్డ. తర్వాతి చెక్క. మళ్లీ తల్లి, మళ్లీ బిడ్డ.

ఆ కాగితాలు ఎంత విలువైనవంటే వీలునామాల్లోకి ఎక్కేవి. ఇదే ఊరివాడు ఏంజెలోస్ అకోటాంటోస్ 1436లో కాన్‌స్టాంటినోపుల్ ప్రయాణం పెట్టుకున్నాడు. భార్య కడుపుతో ఉంది. సముద్రం మీద ఏమవుతుందోనని వీలునామా రాస్తూ, మగబిడ్డ పుట్టి ఈ పనే నేర్చుకుంటే నమూనాలన్నీ వాడికి చెందాలన్నాడు. చివరకు అవి తమ్ముడి దగ్గర మిగిలాయి. 1477లో వాటిలో యాభైనాలుగు నమూనాలను అతను మూడు బంగారు డుకాట్లకు అమ్మితే కొనుక్కున్నవాడు ఆండ్రియాస్ రిట్జోస్. దేవదూతలు సిలువ పట్టుకురావడం, బిడ్డ బెదిరి తల్లి చెయ్యి పట్టుకోవడం ఉన్న మరియమ్మను ఎన్నోసార్లు గీసి పేరు తెచ్చుకున్న చెయ్యి అతనిదే.

మళ్లీ పనిశాలలోకి. తేజోవలయం ఉన్నచోట ఎర్రమట్టి పూసి, బంగారు రేకు పరిచి, జంతువు కోరతో రుద్దుతున్నాడొకడు. ఊపిరి బిగబట్టి పనిచేస్తాడు. గట్టిగా వదిలితే రేకు ఎగిరిపోతుంది. ముఖం పని పెద్దాయనది. గుడ్డు పచ్చసొనలో రంగుపొడి కలుపుతాడు. ఫ్లోరెన్స్ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో రాసిన పనిపుస్తకంలో ఈ సొన గురించి ఒక ముచ్చట ఉంది. పడుచు ముఖాలకు పట్నం కోడిగుడ్డు వాడాలట, దాని సొన పాలిపోయి ఉంటుంది కాబట్టి. ముసలివాళ్ల చామనఛాయకు పల్లె కోడి గుడ్డు. కాండియా పెద్దాయన పద్ధతి వేరు. ముందు ముఖమంతా మట్టి ఆకుపచ్చ, గోధుమ కలిసిన చీకటి రంగు వేస్తాడు. అప్పుడు చూస్తే శవం ముఖమే. దాని మీద కొద్దికొద్దిగా వెలుగు ఎక్కిస్తాడు. బుగ్గ, ముక్కు వెన్ను, గడ్డం. ఆఖర్న కంటి కింద వెంట్రుకంత సన్నంగా తెల్ల గీతలు రెండు మూడు. ఆ గీతలు పడ్డాకే ఆమె మిమ్మల్ని చూడటం మొదలుపెడుతుంది. ముగ్గురి పనిశాలల్లో కలిపి, నలభైఐదు రోజుల్లో ఏడు వందలసార్లు.

లాటిన్ పద్ధతికి, గ్రీకు పద్ధతికి తేడా ఏమిటో ఎండుతున్న చెక్కల దగ్గర నిలబడితే కళ్లకే తెలుస్తుంది. గ్రీకు కొనుగోలుదారుకు పాత తీరు కావాలి: బిగువైన ముసుగు, బంగారు గీతల మడతలు, నిటారు చూపు. ఇటలీ కొనుగోలుదారుకు కాస్త మెత్తదనం కావాలి: ముసుగు కింద పారదర్శకమైన సన్నటి బట్ట, గుండ్రటి బుగ్గలు, ఒళ్లో కుదురుగా కూర్చున్న బిడ్డ. వెనిస్‌లో అదే కాలంలో జోవాన్ని బెల్లీని పనిశాల ఇలాంటి మెత్తటి మరియమ్మలనే నమూనా మీద నమూనా వేసి ఇళ్లకు పంపుతోంది. పునరుజ్జీవన కాలం అనగానే మనకు రాఫెల్, లియొనార్డో, ఒక్కొక్కడూ ఒంటరి మేధావి అని గుర్తొస్తారు. ఆనాటి మామూలు ఇంట్లో గోడకు వేలాడింది మాత్రం ఇలా టోకు బేరంలో వచ్చిన పటమే. పడకగదిలో, పురిటిమంచం ఎదురుగా, ఓడ గదిలో, దుకాణం గల్లా పైన. కొన్నవాళ్లు గీసినవాడి పేరు అడగలేదు.

ఇక్కడొక చిన్న పక్కదారి. కాండియాలో ఆ ఒప్పందం రాసుకున్న వారం తిరగకముందే, జూలై 10న, వాస్కో డ గామా దండులోని ఒక ఓడ లిస్బన్ చేరి ఇండియాకు సముద్రమార్గం దొరికిందన్న కబురు చెప్పింది. ఆ ఓడల్లోనివాళ్లు అంతకు ముందు ఏడాది కాలికట్‌లో ఒక గుడిలోకి వెళ్లారు. లోపల చీకట్లో ఉన్న అమ్మవారి విగ్రహాన్ని చూసి మరియమ్మ అనుకుని మోకరించారు. ప్రయాణంలో ఉన్న ఒకాయన రాసిపెట్టిన దినచర్యలోనే ఈ సంగతి ఉంది. తల్లి బొమ్మ ముందు నిలబడ్డాక మతం అడగడం మర్చిపోయిన మొదటి ఐరోపా జనం వాళ్లేనేమో ఈ దేశంలో.

మళ్లీ మన పటం కోసం రోమ్‌కు పోదాం. అదే 1499, మార్చి 27. వయా మెరులానా వీధిలో సాన్ మత్తేయో అనే చిన్న చర్చి. ఊరేగింపుగా తెచ్చిన ఒక పటాన్ని లోపల ప్రతిష్ఠిస్తున్నారు. చెప్పు జారిన బిడ్డ పటమది. దాని వెనక కథ ఒకటి ప్రచారంలో ఉంది. క్రీటు నుంచి ఒక వర్తకుడు దాన్ని దొంగిలించి తెచ్చాడట. రోమ్‌లో జబ్బుపడి చనిపోతూ, ఏదైనా చర్చికి ఇచ్చెయ్యమని స్నేహితుణ్ణి బతిమాలాడట. స్నేహితుడి భార్యకు పటం నచ్చి పడకగదిలోంచి కదలనివ్వలేదట. చివరకు ఆ ఇంటి చిన్నపిల్లకు మాత కనబడి ఎక్కడ ఉంచాలో చెప్పిందట. కథను కథగానే తీసుకోండి. నాకు మాత్రం ఆ భార్య మీద కోపం రాదు. అలాంటి పటాలు చేసిందే పడకగది గోడల కోసం.

మూడు వందల ఏళ్లు ఆ చర్చిలో గడిచాయి. 1798లో ఫ్రెంచి సైన్యం రోమ్‌లో ఉండగా సాన్ మత్తేయోను పడగొట్టారు. పటాన్ని సన్యాసులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చి, ఆఖరికి సాంతా మరియా ఇన్ పోస్తేరులా అనే చర్చిలో లోపలి ప్రార్థనగదికి చేర్చారు. అక్కడ ముందు గుడిలో వేరే మాత ఉంది. దీన్ని అడిగేవాళ్లు లేరు. అగొస్తీనో ఓర్సెత్తి అనే ముసలి బ్రదర్‌కు మాత్రం సాన్ మత్తేయో రోజులు గుర్తున్నాయి. చూపు మందగించింది. చర్చిలో సేవ చేయడానికి వచ్చే మికెలె మార్కి అనే కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పైన గదిలో ఉన్న పటం ఆ పాత చర్చిదేనని, మర్చిపోవద్దని మళ్లీ మళ్లీ చెప్పేవాడు. పిల్లలకు ముసలివాళ్లు చెప్పే సవాలక్ష మాటల్లో ఇదొకటి.

ఆ కుర్రవాడు పెద్దయి రిడెంప్టరిస్టు సభలో గురువయ్యాడు. ఆ సభవాళ్లు 1855లో వయా మెరులానాలో కొన్న స్థలంలోనే ఒకప్పుడు సాన్ మత్తేయో ఉండేది. 1863లో ఒక జెస్విటు గురువు ప్రసంగంలో ఆ వీధిలో ఉండి కనబడకుండా పోయిన పటం ప్రస్తావన తెచ్చాడు. అదెక్కడుందో తనకు తెలుసన్నాడు మార్కి. సంగతి పోప్ తొమ్మిదో పయస్ దాకా వెళ్లింది. పటాన్ని రిడెంప్టరిస్టులకు అప్పగించమని, పోస్తేరులా వాళ్లకు బదులుగా ఇంకో పటం ఇవ్వమని ఆయన 1865 డిసెంబరులో ఆదేశించాడు. లియొపోల్డ్ నొవొట్నీ అనే పోలండు చిత్రకారుడు చెడిపోయినచోట్ల బాగుచేశాడు. 1866 ఏప్రిల్ 26న మళ్లీ ఊరేగింపు, మళ్లీ అదే వీధి. ఈ మాతను లోకమంతా తెలిసేలా చెయ్యమన్న పోప్ మాటను రిడెంప్టరిస్టులు అక్షరాలా పాటించారు. అచ్చుయంత్రాలు వాళ్లకు తోడయ్యాయి. ముంబై మాహిం చర్చిలో 1948 నుంచి ప్రతి బుధవారం ఈ మాతకు నొవేనా ప్రార్థన జరుగుతోంది. బుధవారం అక్కడ చర్చికి వెళ్లేవాళ్లలో హిందువులు, ముస్లింలు కూడా ఉంటారు.

తెలుగునేల మీదికి మరియమ్మ ఎక్కువగా విగ్రహంగా వచ్చింది. విజయవాడ పక్కన గుణదలలో ఇటలీ గురువు ఆర్లాటి 1924లో మాత విగ్రహం పెట్టారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఆ తిరునాళ్లలో కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. సికింద్రాబాద్‌లో 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చికి 2008లో బసిలికా హోదా వచ్చింది. విగ్రహం కొండమీదా గుడిలోనూ ఉంటుంది, జనం దాని దగ్గరికి వెళ్లాలి. పటం అలా కాదు, ఇంటికి వస్తుంది. ఎల్బీ నగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో, ఫ్రిజ్ పైన, సీరియల్ బల్బుల దండ మధ్య సర్దుకుంటుంది. ఇల్లు మారితే చీరల మడతల మధ్య పెట్టుకుని పోవచ్చు. పడి పగిలితే ఇంకోటి కట్టించుకోవచ్చు. దాని శక్తి కాగితంలో లేదని కట్టించుకునేవాళ్లకు తెలుసు. తెలియనట్టు మాట్లాడేది మనబోటి చదువుకున్నవాళ్లే.

నా మట్టుకు తీర్పు ఇది. ఇలాంటి పటాన్ని నకలు అని తక్కువ చేయడం దాని పుట్టుక తెలియక చేసే పని. పుట్టినప్పుడే అది బెజ్జాల కాగితం మీద పుట్టింది, వందల్లో అమ్ముడుపోయింది, చేతులు మారింది. రోమ్‌లో అసలుదని అందరూ మొక్కే పటం మీద కూడా 1866 నాటి మరమ్మతు రంగులున్నాయి. దాని చెక్కను పరీక్షిస్తే 1325కూ 1480కీ మధ్యదని తేలింది. అంతకు మించిన సంతకం దాని మీద లేదు. రాఫెల్ చిత్రాన్ని ఒక్కణ్ణి తల్చుకుని చూస్తాం, తప్పులేదు. ఈ పటాన్ని చూడాల్సింది మాత్రం ముఖం మీద ఆఖరి తెల్లగీత పెట్టిన పేరులేని వందమంది పనివాళ్లను తల్చుకుని.

రోమ్ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాటికన్, కొలోసియం చూసి వచ్చేస్తారు. టెర్మినీ స్టేషన్ నుంచి నడిచి పోగలిగినంత దూరంలో, సాంతా మరియా మజ్జోరె చర్చి దాటగానే వయా మెరులానాలో సాంత్ అల్ఫోన్సో అనే చర్చి ఉంది. పటం అక్కడ బలిపీఠం పైన ఉంటుంది. ఎత్తు 54 సెంటీమీటర్లు, వెడల్పు 41 ఉంటుంది, అంతే. అది మ్యూజియం కాదు, చర్చి, టికెట్టు అక్కర్లేదు. పూజ జరుగుతుంటే మాత్రం వెనక బెంచీలో కూర్చుని, అయ్యాక ముందుకు వెళ్లి చూడండి.